ఆడేవాళ్లే పుట్టించుకున్న గేమ్ మోడ్‌లు: నేను రోజూ వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు పక్క సందులో పదిహేనేళ్లుగా గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. మొదట్లో అది నెట్ సెంటర్. పగలంతా హాల్‌టికెట్లు, మార్కుల మెమోలు ప్రింట్ తీసిచ్చేవాణ్ణి. సాయంత్రం ఆరు దాటితే ఎనిమిది సిస్టమ్‌లనూ కేబుళ్లతో కలిపేసి కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆట పెట్టేవాళ్లం. ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకొని వస్తున్నారు. బీజీఎంఐలోనో (పబ్‌జీకి మన దేశపు రూపం), ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లోనో కస్టమ్ రూమ్, అంటే మనం పిలిచినవాళ్లే చేరే మ్యాచ్, పెట్టి ఆడిస్తుంటాను.

ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చినవి కంపెనీ ఇచ్చిన మోడ్‌లు, అంటే ఆడే పద్ధతులు, కావు. ఆడేవాళ్లు తమలో తాము అనుకొని పుట్టించుకున్నవే. కత్తి తప్ప ఏదీ వాడకూడదని ఒకటి, ఒక్కడే దొంగ, మిగతావాళ్లంతా దాక్కోవాలని ఇంకొకటి. వీటి గురించి తల్లిదండ్రులు, కొత్తగా ఆడేవాళ్లు అనే మాటల్లో పొరపాట్లు చాలా ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అసలు ఆట కంపెనీ చేసింది. ఇవన్నీ పనిలేని పిల్లల వేషాలు.

వాస్తవం: మీ అబ్బాయి ఫోన్‌లో ఆడే బ్యాటిల్ రాయల్ అలాంటి వేషంగానే మొదలైంది. ఆర్మా 2 అనే మిలిటరీ ఆటకి 2012లో డేజీ అనే మాడ్ (ఉన్న ఆటని మార్చి చేసిన కొత్త రూపం) వచ్చింది. ఐర్లాండ్‌కి చెందిన బ్రెండన్ గ్రీన్ దాని మీద తన సొంత పద్ధతి ఒకటి కట్టాడు. అందరూ ఒకే చోటికి దిగాలి, ఆఖరికి ఒక్కడే మిగలాలి. అదే 2017లో పబ్‌జీ అయింది. కౌంటర్ స్ట్రైక్ కథా అంతే. మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు 1999లో హాఫ్ లైఫ్ ఆటకి చేసిన మాడ్ అది. మరుసటి ఏడాది వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకొని మార్కెట్లో పెట్టింది. ఒకణ్ణి కొడితే చేతిలో తుపాకీ మారి, చివరికి కత్తి దాకా వచ్చే గన్ గేమ్ కూడా మొదట కౌంటర్ స్ట్రైక్ సర్వర్లలో ఆటగాళ్లు పెట్టుకున్నదే. 2012లో వచ్చిన సీఎస్ గోలో (కౌంటర్ స్ట్రైక్ కొత్త రూపం) అది ఆర్మ్స్ రేస్ పేరుతో కంపెనీ మోడ్ అయిపోయింది.

అపోహ: కంపెనీ పెట్టింది కాదు కాబట్టి రూల్స్ ఉండవు. ఎవడి ఇష్టం వాడిది.

వాస్తవం: నన్నడిగితే రూల్స్ ఎక్కువగా ఉండేది ఇక్కడే. కంపెనీ మోడ్‌లో రూల్‌ని ప్రోగ్రామే కాపలా కాస్తుంది, తప్పుదామన్నా కుదరదు. ఇక్కడ ఉన్నదల్లా నోటిమాట. ఆ మాట మీద నిలబడితేనే ఆట.

2004లో వచ్చిన హేలో 2 అనే తుపాకుల ఆటలో ఆటగాళ్లు జాంబీల ఆట ఒకటి పుట్టించారు. జాంబీ చేతిలో చచ్చినవాడు తనూ జాంబీ అయిపోవాలి. ఆటలో అలాంటి ఏర్పాటే లేదు. చచ్చినవాడు తనంతట తానే మెనూలోకి వెళ్లి జట్టు మారాలి. మారకపోతే అడిగే నాథుడు లేడు. అయినా జనం మారేవాళ్లు, ఆట సాగేది. 2007లో హేలో 3 వచ్చినప్పుడు దాన్నే ఇన్ఫెక్షన్ పేరుతో మోడ్‌గా ఇచ్చారు. అప్పటిదాకా ఆ మోడ్‌ని నడిపించింది ఆడేవాళ్ల నిజాయితీ ఒక్కటే.

మా సెంటర్‌లో దాగుడుమూతల రూమ్ ఎలా తయారైందో చెబుతాను. పోయిన సంక్రాంతి సెలవులు. పది మంది ఉన్నారు, ఆట బీజీఎంఐ, మ్యాప్ ఎరంగెల్, అందులో పోచింకి అనే ఊరు. పంటలు వేసుకొని దొంగని ఎంచుకున్నారు. దొంగ పాన్‌తో (వంట పెనం) తప్ప దేనితోనూ కొట్టకూడదు. దాక్కున్నవాళ్లు తుపాకీ ముట్టుకోకూడదు. జోన్, అంటే నలువైపుల నుంచీ కమ్ముకొచ్చి ప్రాణం తీసే వలయం, ఊరి మీదకి వచ్చేలోపు అందర్నీ పట్టుకోవాలి.

మొదటి రౌండ్‌లోనే పేచీ. "అన్నా, ఈడు నా ఫోన్‌లోకి తొంగి సూస్తన్నాడు, తొండి!" అని ఒకడు లేచాడు. నిజమే. పక్కపక్కనే కూర్చుంటే ఎవడు ఏ గదిలో ఉన్నాడో ఇట్టే తెలిసిపోతుంది. దొంగ గోడవైపు తిరిగి కూర్చోవాలని, ఔటైనవాడు వరండాలోకి పోవాలని రూల్ పెట్టుకున్నారు.

రెండో రౌండ్‌లో ఇంకో చిక్కు. నలుగురు పొలంలో గడ్డిలో బోర్లా పడుకున్నారు, చక్కగా దాక్కున్నామనుకొని. దొంగ గుట్ట ఎక్కి, తుపాకీ మీది దుర్బిణి లాంటి స్కోప్ పెట్టి ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టేశాడు. ఎలాగంటే, దూరంగా ఉన్న గడ్డిని ఫోన్ గీయదు. దగ్గర్నుంచి చూస్తే నడుం లోతు గడ్డి, దూరం నుంచి చూస్తే నున్నటి నేల, దాని మీద పడుకున్న మనిషి. ఆ సంగతి ఆడేవాళ్లలో సగం మందికి తెలియదు. ఇంటర్ చదివే కుర్రాడు ఒకడు కాసేపు ఆలోచించి, "దొంగ స్కోప్ తియ్యకూడదు, గుట్ట ఎక్కకూడదు" అన్నాడు. అందరూ సరేనన్నారు. ఆట లోపలి పనితనం తెలిస్తేగానీ పెట్టలేని రూల్ అది. గేమ్ డిజైనర్ చేసే పనీ ఇదే.

రాత్రి ఎనిమిదింటికి ఒకాయన కొడుకుని లాక్కెళ్దామని కోపంగా వచ్చారు. కుర్రాళ్లు ఆయన చేతిలోనే ఫోన్ పెట్టారు. "మా నాన్న ఆటలో అరటిపండు" అని కొడుకు ప్రకటించాడు. కనబడినా దొంగ ఆయన్ని కొట్టకుండా వదిలేయాలి. ఆయన రోడ్డు మధ్యలో నిలబడి ఎటు నడవాలో తెలియక గిరగిరా తిరుగుతుంటే, దొంగ పక్కనుంచే వెళ్లిపోయాడు. ఆటలో అరటిపండు అనే బటన్ ఏ కంపెనీ మెనూలోనూ నేను చూడలేదు. ఆయన తొమ్మిదింటికి వెళ్లారు, కొడుకుతో కలిసే.

అపోహ: ఇలాంటివి ఆడితే ఐడీ బ్యాన్ అవుతుంది. ఇదీ ఒకరకం హ్యాకింగే.

వాస్తవం: నాలుగు వేర్వేరు సంగతుల్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. కస్టమ్ రూమ్‌లో నోటిమాట రూల్‌తో ఆడితే ఆటలో ఏదీ మారదు, బ్యాన్ అన్న మాటే లేదు. ఫ్రీ ఫైర్‌లో గన్ ప్రాపర్టీ ఆఫ్, క్యారెక్టర్ స్కిల్ ఆఫ్ (తుపాకీలకు, పాత్రలకు ఉండే అదనపు బలాలు తీసేయడం) పెట్టుకోవడం కూడా రూమ్‌లో కంపెనీ ఇచ్చిన వీలే. కౌంటర్ స్ట్రైక్ 1.6లో నా సర్వర్‌లో ఆట తీరు మార్చే ఏఎంఎక్స్ మాడ్ ఎక్స్ ప్లగిన్లు వేసుకోవడం కూడా తప్పు కాదు, సర్వర్ నాది. గోడల్లోంచి కనబడేలా మార్చిన యాప్ దించుకోవడం మాత్రం హ్యాకింగే. అలాంటివాణ్ణి నేను సెంటర్‌లోకి రానివ్వను.

ఒకచోట మాత్రం జాగ్రత్త. సొంత రూల్‌ని క్లాసిక్ మ్యాచ్‌లోకి, అంటే తెలియనివాళ్లతో ఆడే మామూలు మ్యాచ్‌లోకి, తీసుకెళ్లకండి. వేరే జట్టులో ఉన్న మీ స్నేహితుడు, మీరు ఒకర్నొకరు కొట్టుకోకుండా తిరిగితే దాన్ని టీమింగ్ అంటారు. రిపోర్ట్ చేస్తే బ్యాన్ పడొచ్చు, అది న్యాయమే. మీ ఒప్పందం సంగతి ఆ మ్యాచ్‌లో ఉన్న మిగతావాళ్లకు తెలియదు కదా.

అపోహ: అసలు ఆట రానివాళ్లే ఇవి ఆడతారు.

వాస్తవం: అలా అనేవాళ్లు ఒక్కసారి కౌంటర్ స్ట్రైక్‌లో సర్ఫ్ మ్యాప్ (ఏటవాలు గోడల మీద జారుతూ పోయేది) ఎక్కి చూడండి. 2004 ప్రాంతంలో కౌంటర్ స్ట్రైక్‌కి మ్యాపులు చేసే ఒకతను ఏటవాలు గోడ మీద నిలబడబోయి జారుతున్నానని గమనించాడు. ఆ జారుడు మీదే ఒక ఆట మొలిచింది. ముందుకు వెళ్లే బటన్ నొక్కకూడదు. గోడ ఏ వైపుంటే ఆ వైపు బటన్ పట్టుకొని, మౌస్‌ని మెల్లగా తిప్పుతూ పోవాలి. సర్వర్‌లో గాలిలో మలుపు తిరిగే వేగం విలువ మామూలుగా 10 ఉంటుంది, సర్ఫ్‌కి 100 పెడతాం. అది మార్చాక కూడా మా కుర్రాళ్లలో మొదటి గోడ దాటడానికి వారం పట్టనివాడు లేడు. కత్తి ఆట కూడా తేలిక కాదు. 35హెచ్‌పీ మ్యాప్‌లో (ప్రాణం వందకి బదులు 35 పాయింట్లే ఉంటుంది) ఒక్క పోటుకి ప్రాణం పోతుంది, అడుగు దూరం లెక్క తప్పితే అయిపోయినట్టే. ఈరోజు పెద్ద టోర్నమెంట్లలో ముందుగా ఏ వైపు ఆడాలో తేల్చుకోవడానికి నైఫ్ రౌండ్ పెడుతున్నారు. అదీ ఆటగాళ్ల దగ్గర పుట్టిన అలవాటే.

అపోహ: మంచి నెట్, ఖరీదైన సిస్టమ్ ఉండాలి.

వాస్తవం: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కరెంటు వచ్చినా మాకు నెట్ కొన్నాళ్లు రాలేదు. ఆ రోజుల్లో కేబుళ్ల మీదే కత్తి ఆట నడిచింది. పాత సిస్టమ్‌లు, వాటి కేబుళ్లని కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఒకటి చాలు.

అపోహ: రూమ్‌కి తలా యాభై వేసుకొని, గెలిచినవాడు తీసుకుంటే తప్పేముంది? సరదాయే కదా.

వాస్తవం: తప్పే. డబ్బు పందెంతో ఆన్‌లైన్ ఆటలు ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే నిషిద్ధం. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆటల్ని దేశమంతా నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ని, ఊరికే సరదాకి ఆడుకునేవాటిని వేరుగా చూసింది. చట్టం మాట అలా ఉంచినా, మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు పన్నెండు మంది ఒకసారి వాట్సాప్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌కి తలా ముప్పై కట్టారు. రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ కోసం రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు. రాలేదు. వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. డబ్బు చిన్నదే, కానీ అందులో ఒకడు అప్పుచేసి కట్టాడు.

మా సెంటర్‌లో గెలిచినవాడికి ఇచ్చేది ఒక్కటే, వచ్చే ఆదివారం రూమ్‌కి రూల్ పెట్టే హక్కు. పోయినవారం గెలిచిన డిగ్రీ కుర్రాడు, అందరూ ఒకే ఇంట్లోకి దూరి స్మోక్ బాంబులు, పాన్‌లతోనే ఆడాలన్నాడు. పొగలో ఎవరికీ ఏమీ కనబడలేదు, నవ్వులే నవ్వులు. రెండు రౌండ్లు అయ్యేసరికి ఒక సంగతి తేలింది. ఇయర్‌ఫోన్ ఉన్నవాళ్లే గెలుస్తున్నారు, అడుగుల చప్పుడు వాళ్లకే తెలుస్తోంది. ఈ ఆదివారం నుంచి ఇయర్‌ఫోన్లు నా బల్ల మీద పెట్టాకే ఆట మొదలు.