స్పాంజిని తెల్లగా ఉతక్కండి

అక్వేరియం కొన్న మొదటి ఏడాది, సంక్రాంతికి ఇల్లు దులుపుతూ దాన్నీ ఒక పట్టు పట్టాను. ఫిల్టర్ విప్పితే లోపలి స్పాంజి నల్లగా, జిగటగా ఉంది, వేళ్ళకి అంటుకుని ఒక పట్టాన వదల్లేదు. కుళాయి కింద పెట్టి పిండి, మళ్ళీ పెట్టి పిండి, కొత్తదానిలా అయ్యేదాకా ఊరుకోలేదు. మూడో రోజు పొద్దున చూస్తే గోల్డ్‌ఫిష్‌లు రెండూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడుతున్నాయి. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి. సాయంత్రానికి ఒకటి పోయింది.

చేపలు అమ్మిన షాపతను ఒక్కటే అడిగాడు. “ఫిల్టర్ కడిగారా సార్?”

నీళ్ళలో తేలే చెత్తని పట్టుకునే జల్లెడే ఫిల్టర్ అని అప్పటిదాకా నా నమ్మకం. ఆ పనీ చేస్తుంది గానీ, అది చిన్న పని. అసలు పని కంటికి కనిపించదు. మన ఒంట్లో తయారయ్యే అమ్మోనియాని కాలేయం యూరియాగా మారిస్తే, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. చేపకి ఆ శ్రమ లేదు. అమ్మోనియాని చాలావరకు అలాగే మొప్పల్లోంచి నీళ్ళలోకి వదిలేస్తుంది. ఏట్లోనో చెరువులోనో అయితే అది ఎక్కడికక్కడ కలిసిపోతుంది. నలభై లీటర్ల గాజు తొట్టిలో ఎక్కడికి పోతుంది? పైగా తినగా మిగిలిన మేత కుళ్ళి ఇంకొంచెం కలుపుతుంది. వాసన రాకముందే, రంగు మారకముందే చేప మొప్పలు దెబ్బతింటాయి. రొయ్యల చెరువుల దగ్గర రైతులు అమ్మోనియా కొలిచే కిట్ పట్టుకుని తిరిగేది ఇందుకే.

నేను పిండి పారేసిన నల్లటి జిగట ఈ అమ్మోనియాని తిని బతికే బ్యాక్టీరియా కాపురం. ఒక జాతి అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేసి గోధుమరంగుకి తిప్పేస్తుంది. ఇంకో జాతి ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో ముప్పు చాలా తక్కువ. వారానికోసారి కొంత నీరు మారిస్తే, ఒక మనీప్లాంట్ వేళ్ళు తొట్టిలోకి వదిలితే సరిపోతుంది.

ఈ బ్యాక్టీరియాని 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపించాడు. రెండో మెట్టు, అంటే నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే పని, నైట్రోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాది అని చాలాకాలం పుస్తకాలన్నీ రాశాయి. 1998లో మంచినీటి అక్వేరియంల డీఎన్ఏ వెతికితే అక్కడ ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే వేరే బ్యాక్టీరియా అని తేలింది. తమాషా ఏమిటంటే 2015లో రెండు మెట్లూ ఒంటరిగా ఎక్కేసే నైట్రోస్పైరా కూడా బయటపడింది. నెదర్లాండ్స్ పరిశోధకులకి అది దొరికింది చేపల్ని పెంచే తొట్లకి కలిపిన ఫిల్టర్ జిగటలోనే. మనం కుళాయి కింద వదిలించుకునే సరుకులోనే శాస్త్రానికి కొత్త జీవి దొరికిందన్నమాట.

కుళాయి నీళ్ళతో చిక్కు క్లోరిన్. మున్సిపాలిటీ దాన్ని కలిపేదే బ్యాక్టీరియాని చంపడానికి, మంచిదా చెడ్డదా అని అది చూడదు. బోరు నీళ్ళు కదా అని ధీమా పడొద్దు, అపార్ట్‌మెంట్ సంపులో ఎవరో బ్లీచింగ్ పౌడర్ వేసి ఉండొచ్చు. అయితే నా విషయంలో తప్పంతా క్లోరిన్ మీద నెట్టడం న్యాయం కాదు. జిగట కొంతసేపు క్లోరిన్‌ని తట్టుకుంటుంది. అది తట్టుకోలేనిది నా పిండుడు. బోరు నీళ్ళకి ఇంకో గొడవ ఉంది, వాటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువగా ఉండొచ్చు. పీహెచ్ 7 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, అమ్మోనియాలో విషపు రూపం అర శాతం చిల్లర. పీహెచ్ 8కి వెళ్తే అది ఐదు శాతం దాటుతుంది. అంటే అంతే అమ్మోనియా పది రెట్లు చేటు చేస్తుంది.

మరి కడగొద్దా? కడగాలి, మురికి పట్టేస్తే నీరు సాగదు, బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. కానీ రంగు చూసి కాదు, ధార చూసి కడగాలి. ధార సన్నబడినప్పుడో, ఎయిర్ పంప్ మీద నడిచే స్పాంజి ఫిల్టర్ అయితే బుడగల జోరు తగ్గినప్పుడో చాలు. నీళ్ళు మార్చే రోజున తీసిన పాత తొట్టి నీళ్ళే బకెట్‌లో ఉంచుకోండి. స్పాంజిని నీళ్ళలో ఉండగానే ఒక ప్లాస్టిక్ కవర్‌లోకి దించి పైకి తీయండి, లేకపోతే దారి పొడవునా మురికి రాలుతుంది. బకెట్‌లో రెండు మూడుసార్లు మెత్తగా నొక్కితే చిక్కటి కాఫీ డికాక్షన్ లాంటి నీళ్ళు దిగుతాయి. అక్కడితో ఆపేయాలి. స్పాంజి ఇంకా గోధుమరంగులోనే ఉంటుంది, చెయ్యి ఊరుకోదు, అయినా ఆపాలి. రెండు స్పాంజిలుంటే ఈసారి ఒకటి, రెండు వారాలాగి ఇంకోటి. సింథటిక్ దూది పీలికలై ఊడుతుంటే పారేయొచ్చు. నెలనెలా కార్ట్రిడ్జ్ మొత్తం మార్చమని ప్యాకెట్ల మీద రాసేది నాకు నచ్చదు. ఉన్నది ఒక్క కార్ట్రిడ్జే అయితే, దానితోపాటు బ్యాక్టీరియా కాపురం కూడా చెత్తబుట్టలో పడుతుంది.

మోటార్ మాత్రం ఎంత కడిగినా తప్పులేదు. ముందు ప్లగ్ తీసేయండి. గర్రుమని చప్పుడు చేస్తుంటే చిన్న అయస్కాంతపు రెక్కల చుట్టూ జిగటో ఇసుక రేణువో ఇరుక్కుందని లెక్క, పాత టూత్‌బ్రష్‌తో పోతుంది. బోరు నీళ్ళ తెల్లటి పొలుసుకి నిమ్మరసం పనిచేస్తుంది. కరెంటు కోతకి మాత్రం ఎయిర్ పంప్‌ని ఇన్వర్టర్‌కి కలిపేయండి, చిన్న పంపుకి నాలుగైదు వాట్లకి మించి పట్టదు. మూతపెట్టిన ఫిల్టర్ గంటలకొద్దీ ఆగిపోయి ఉంటే, లోపల కుళ్ళిన నీళ్ళు పారబోశాకే మళ్ళీ నడపాలి.

రెండో గోల్డ్‌ఫిష్‌ని బతికించింది షాపతనే. మేత ఆపమన్నాడు, క్లోరిన్ విరిచిన నీళ్ళతో రోజూ కొంత నీరు మార్చమన్నాడు. వట్టి స్పాంజి మీద బ్యాక్టీరియా దానంతటది కుదురుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందట. అన్నాళ్ళు ఆగక్కర్లేదని, తన తొట్టిలోంచి ఒక నల్లటి స్పాంజి ముక్క తీసి, నీళ్ళతో సహా కవర్‌లో కట్టి ఇచ్చాడు. “పెరుగుకి తోడు పెట్టినట్టే సార్. మీ స్పాంజి పక్కన పెట్టేయండి.” డబ్బులు తీసుకోలేదు. ఇంటికొచ్చేదాకా ఆ కవర్‌ని బండి హ్యాండిల్‌కి తగిలించకుండా చేత్తోనే పట్టుకున్నాను.