గడియ తీసే హార్మోను

చిరంజీవులైన పిల్లలకు,

‘హార్మోన్ల వల్ల అండం పరిపక్వమవుతుంది’ అని పాఠంలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది చదివితే హార్మోను వచ్చి అండాన్ని ముందుకు తోస్తుందేమో అనిపిస్తుంది. జరిగేది దాదాపు తలకిందులు.

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే అండకణాలు తయారైపోతాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు. అవన్నీ క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే విభజన) మొదలుపెట్టి, మొదటి దశలోనే ఆగిపోతాయి. కొన్ని పన్నెండేళ్లు, కొన్ని నలభై ఏళ్లు అలాగే ఉంటాయి. ఎవరు ఆపారు వాటిని?

1935లో పింకస్, ఎంజ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేలు అండాన్ని పుటికలోంచి, అంటే అది పెరిగే చిన్న సంచిలోంచి, బయటికి తీసి చూశారు. ఏ హార్మోనూ ఇవ్వకుండానే అది తనంతట తానే విభజన కొనసాగించింది! అంటే ఆపుతున్నది పుటికే అన్నమాట. నాకు భలే నచ్చిన ప్రయోగమిది.

అండం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాలు సన్నని దారుల గుండా సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని దాని లోపలికి పంపిస్తుంటాయి. దానివల్ల అండంలో సైక్లిక్ ఏఎంపీ అనే మరో పదార్థం కరిగిపోకుండా నిలుస్తుంది. అది నిండుగా ఉన్నంతకాలం విభజన కదలదు. గడియ పెట్టింది వెలుపలి కణాలే.

ఇక మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి సంగతి. అది విడుదల చేసే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను పుటికల్ని పెంచుతుంది, పెరిగే పుటిక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారుచేస్తుంది. ఈస్ట్రోజెన్ కొద్దిగా ఉంటే పీయూష గ్రంథిని అణచి ఉంచుతుంది. అదే ఎక్కువ మోతాదులో రెండు రోజులు నిలిస్తే, ఆ గ్రంథి నుంచే ఎల్‌హెచ్ అనే మరో హార్మోను ఒక్కసారిగా ఉప్పెనలా వస్తుంది.

ఆ ఎల్‌హెచ్ నేరుగా పనిచేసేది అండం మీద కాదు, పుటిక గోడలోని కణాల మీద. దాంతో సైక్లిక్ జీఎంపీ తగ్గిపోతుంది, దారులు మూసుకుంటాయి. అండంలో కేంద్రకపు పొర కరుగుతుంది, ఆగిన విభజన సాగుతుంది. విభజన అన్నా సమాన పంపకం కాదు సుమా: క్రోమోజోముల్లో సగం ధ్రువదేహం అనే చిన్న కణంలోకి పోతాయి, జీవపదార్థం మాత్రం దాదాపు అంతా అండానికే. మనుషుల్లో ఈ ఉప్పెన మొదలైన సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. అప్పటికి రెండో విభజన మధ్యలో మళ్లీ ఆగి ఉంటుంది. శుక్రకణం కలిస్తేనే అది పూర్తవుతుంది.

అన్ని క్షీరదాలదీ ఒకే పద్ధతి కాదు. కుందేళ్లలో జతకడితేనే ఎల్‌హెచ్ ఉప్పెన వస్తుంది. కుక్కల్లోనైతే అండం పచ్చిగానే విడుదలై, అండవాహికలో రెండు మూడు రోజులకు పక్వమవుతుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ