బెర్గెన్ చెక్క ఇళ్లను కాపాడుతున్నది నీళ్లే

నార్వేలో చదువుకుంటున్న ఒక పాఠకురాలు మంచి ప్రశ్న పంపారు. బెర్గెన్‌లో ఎప్పుడూ వానే కదా, మరి రేవు పక్కన బ్రిగ్గెన్‌లోని ఆ చెక్క ఇళ్లు కుళ్లిపోకుండా ఎలా నిలబడ్డాయి అని. అక్కడి ఫియోర్డ్‌ల (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) అందం గురించి అందరూ రాస్తారు, అది వదిలేద్దాం. నాకు ఆ ఇళ్ల కింద ఉన్నదే ఎక్కువ ఇష్టం.

ముందు వాన సంగతి. అట్లాంటిక్ మీదుగా వచ్చే తడిగాలి ఊరి చుట్టూ ఉన్న కొండలకు తగిలి పైకి లేచి చల్లబడుతుంది, ఏడాదికి 2,200 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. హైదరాబాద్ వానకి దాదాపు మూడింతలు.

1070 ప్రాంతంలో పుట్టిన ఈ ఊరు ఎన్నిసార్లు తగలబడిందో! 1198, 1248, 1476, 1702... ఇప్పుడు కనిపించే ఇళ్లు చాలావరకు 1702 అగ్నిప్రమాదం తర్వాత పాత పద్ధతిలోనే తిరిగి కట్టినవి. తగలబడిన ప్రతిసారీ ఆ బూడిద, శిథిలాల మీదే మళ్లీ కట్టేవాళ్లు. పైగా రేవుని లోతు నీళ్ల వైపు జరపడానికి దుంగలను పెట్టెల్లా పేర్చి, లోపల రాళ్లూ చెత్తా నింపి, సముద్రంలోకి నేలను పెంచుకుంటూ పోయారు. అంటే ఈ ఇళ్లు నిలబడింది గట్టి నేల మీద కాదు, కొన్ని మీటర్ల మందాన పేరుకున్న పాత చెక్క మీద, చెత్త మీద.

బడిలో మనకి "నీళ్లు తగిలితే చెక్క కుళ్లుతుంది" అని చెప్పి వదిలేస్తారు. సగం నిజం చెప్పి ఆపేయడం నాకు అస్సలు నచ్చదు. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు తేమ ఎంత అవసరమో ఆక్సిజన్ కూడా అంతే అవసరం. గోదావరి రేవులో పడవ కట్టే గుంజను ఊహించుకోండి. పైన ఎండకు ఆరిన భాగం గట్టిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ గాలి ఉంది, తేమ చాలదు. అడుగున బురదలో దిగిన భాగమూ గట్టిగానే ఉంటుంది, అక్కడ తేమ ఉంది, గాలి లేదు. విరిగేది నీటిమట్టం దగ్గర, గాలీ తడీ రెండూ దొరికే ఆ మూరెడు మేర. బ్రిగ్గెన్ కథంతా ఈ గుంజలోనే ఉంది.

బురదలోకి ఆక్సిజన్ ఎందుకు వెళ్లదు? లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 10 డిగ్రీల చల్లటి లీటరు నీళ్లలో కరిగేది 11 మిల్లీగ్రాములే. ఆ కాస్తా కూడా కదలని నీళ్లలో గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. దారిలో ఉన్న చెత్తను తినే సూక్ష్మజీవులు దాన్ని ముందే వాడేసుకుంటాయి. ఆ తర్వాత బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్, ఇనుము, సల్ఫేట్‌లతో సరిపెట్టుకుంటాయి. ఇవి చెక్కను తినడం ఎంత నెమ్మదంటే వందల ఏళ్లు పట్టినా దుంగ దుంగలాగే ఉంటుంది. సముద్రపు నీళ్లలో చెక్కను తొలిచే షిప్‌వార్మ్ కూడా బురదలో పూడిన దుంగ జోలికి రాలేదు.

దీనికి రుజువు 1955లో దొరికింది. ఆ ఏడాది బ్రిగ్గెన్‌లో కొంత భాగం తగలబడితే, ఆ స్థలంలో పురావస్తు శాస్త్రవేత్త ఆస్బ్యోర్న్ హెర్టీగ్ ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి తవ్వకాలు జరిగాయి. వందలకొద్దీ చెక్కపుల్లల మీద రూన్ లిపి (ఉత్తర ఐరోపా పాత లిపి) రాతలు బయటపడ్డాయి. రూన్‌లంటే మంత్రాలని ఆన్‌లైన్‌లో తెగ ప్రచారం ఉంది కదా, ఇక్కడ తాయెత్తు రాతలు కొన్ని ఉన్నమాట నిజమే కానీ సరుకు మూటలకు కట్టిన పేరు చీటీలూ మామూలు కబుర్లూ చాలా ఉన్నాయి. వేలెడంత పుల్ల మీద "నిన్ను ఇంటికి వెళ్లమంటోంది గ్యూదా" అని కత్తితో గీసి ఉంది! పొడినేలలో అయితే ఆ పుల్ల ఎప్పుడో మట్టిలో కలిసిపోయేది.

ఇప్పుడు గుంజ దగ్గరికి మళ్లీ వద్దాం. నీటిమట్టం కిందికి దిగితే, కుళ్లే మూర కూడా దానితో పాటే దిగుతుంది. బ్రిగ్గెన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. కాలిన స్థలంలో 1980 ప్రాంతంలో ఒక హోటల్ కట్టారు, దాని అడుగున నీళ్లు చేరకుండా డ్రైనేజీ పెట్టారు. పక్కనున్న భూగర్భజలం అటు లాగేసుకుపోయింది. ఖాళీ అయిన రంధ్రాల్లోకి గాలి దూరి కుళ్లు మొదలైంది. ఇంకో దెబ్బ కూడా ఉంది. నీళ్లలో ఉన్న పొరలను ఉత్ప్లవన బలం కొంత మోస్తుంది, నీళ్లు పోతే ఆ బరువంతా కింద ఉన్న మెత్తటి చెత్త మీద పడి అది అణిగిపోతుంది. కొన్నిచోట్ల నేల ఏడాదికి 8 మిల్లీమీటర్ల దాకా కుంగింది. పదేళ్లకి 8 సెంటీమీటర్లు, చెక్క ఇల్లు ఒక పక్కకి ఒరిగిపోవడానికి అది చాలు. 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న చోట ఈ పరిస్థితి!

పరిష్కారం కూడా నీళ్లే. 2010 తర్వాత డ్రైనేజీ లీకులను అదుపు చేసి, పైకప్పుల నుంచి, రోడ్ల నుంచి పారే వాననీటిని కాలువల్లోకి పోనివ్వకుండా గడ్డి పల్లాల గుండా, రాతి పొరల గుండా భూమిలోకి ఇంకించారు. నీటిమట్టం పెరిగింది, కుంగడం బాగా తగ్గింది.

మీరు వెళ్తే బ్రిగ్గెన్స్ మ్యూజియం తప్పకుండా చూడండి, 12వ శతాబ్దపు పునాదులు దొరికిన చోటే ఉన్నాయి. పోటు సమయంలో తుఫాను వస్తే సముద్రం ఇప్పటికీ రేవు వీధిలోకి వస్తుంది. ఆ ఉప్పునీటితో పాటు వచ్చే సల్ఫేట్ కింద ఉన్న బ్యాక్టీరియాకి కొత్త సరఫరా. సముద్రమట్టం పెరిగేకొద్దీ అక్కడి ఇంజనీర్లు చూసుకోవాల్సింది నీళ్లు ఎంత ఉన్నాయనే కాదు, ఏ నీళ్లు ఉన్నాయన్నది కూడా.