కురుసుర నుంచి నాజ్కా దాకా: శాటిలైట్ మ్యాప్‌ని చదవడం నేర్చుకుందాం

వైజాగ్ దగ్గర తొట్లకొండ మీద అంత పెద్ద బౌద్ధ విహారం ఉందన్న సంగతి బయటపడింది నేవీ వాళ్ల ఏరియల్ సర్వేలో. నేవల్ బేస్ కోసం పైనుంచి చూస్తుంటే కొండ మీద కట్టడాల ఆనవాళ్లు కనిపించాయి, ఆ తర్వాత 1988 నుంచి పురావస్తు శాఖ వాళ్లు తవ్వితే స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉండే గదుల వరసలు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు అన్నీ బయటికొచ్చాయి. కింద భీమిలి రోడ్డు మీంచి తలెత్తి చూస్తే ఇప్పటికీ పైన ఏముందో తెలీదు, మామూలు కొండలాగే ఉంటుంది. అప్పట్లో అలా పైనుంచి చూడాలంటే విమానం కావాలి, ఇప్పుడు ఫోన్ చాలు.

కానీ మనలో చాలామంది ఏం చేస్తామంటే గూగుల్ ఎర్త్ ఓపెన్ చేసి పిరమిడ్లు, తాజ్‌మహల్, మాచు పిచ్చు అని వరసగా కొట్టేసి, జూమ్ చేసి, బాగుందనుకుని మూసేస్తాం. అది తప్పని కాదు గానీ అలా చూస్తే పోస్ట్‌కార్డ్ చూసినట్టే. ఆ ఫొటోలో ఒక మీటర్ ఎంతుంటుందో, అది ఏ తేదీదో, ఎండ ఎటునుంచి పడుతోందో తెలిస్తేనే అది చరిత్ర చెప్పడం మొదలుపెడుతుంది. అందుకే నేనైతే ముందు మన వైజాగ్‌నే చూడమంటాను, తెలిసిన చోట కంటికి లెక్క అలవాటు చేసుకుని తర్వాత పెరూ వెళ్లినా సిరియా వెళ్లినా ఇబ్బంది ఉండదు.

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ తీసుకోండి. పొడవు సుమారు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసే మామూలు రంగుల ఫొటోలో ఒక్కో పిక్సెల్ (ఫొటోలో ఒక చిన్న గడి) నేల మీద 30 మీటర్లు, అంటే మొత్తం సబ్‌మెరైన్ మూడు గడుల్లో అయిపోతుంది, పక్కనున్న ఇసుక కూడా అదే గడిలో కలిసిపోతుంది కాబట్టి అది సబ్‌మెరైన్ అని ఎవరూ చెప్పలేరు. యూరప్ వాళ్ల సెంటినెల్-2లో పిక్సెల్ 10 మీటర్లు, అందులో తొమ్మిది గడుల పొడవున ఒక ముదురు గీత కనపడొచ్చు, వెడల్పు మాత్రం ఒక్క గడి కూడా నిండదు. అదే 30 సెంటీమీటర్ల వివరం ఇచ్చే కమర్షియల్ ఉపగ్రహం అయితే పొడవుకి 300 గడులు, అడ్డానికి 25 వస్తాయి, అప్పుడు ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. గూగుల్ ఎర్త్‌లో మనం బాగా దూరంగా ఉన్నప్పుడు కనిపించేది ల్యాండ్‌శాట్, సెంటినెల్ లాంటి వాటి ఫొటోలు, దగ్గరికెళ్తున్న కొద్దీ కమర్షియల్ ఉపగ్రహాలవి వస్తాయి, ఇంకా దగ్గరికెళ్తే కొన్ని నగరాల్లో అసలు విమానంలోంచి తీసినవే ఉంటాయి. అన్నిటినీ కలిపి మనం శాటిలైట్ వ్యూ అనేస్తున్నాం.

ఇప్పుడు పెరూలో నాజ్కా ఎడారికి వెళ్దాం. అక్కడ రెండువేల ఏళ్ల కిందట నేల మీద గీసిన హమ్మింగ్‌బర్డ్ బొమ్మ పొడవు 93 మీటర్లు, అంటే దాదాపు మన కురుసుర అంతే! ఇది తెలిశాక ఆ బొమ్మ సైజు మనసుకి ఎక్కుతుంది, ఎందుకంటే కురుసుర ఈ చివర నుంచి ఆ చివరికి మనలో చాలామంది నడిచినవాళ్లమే కదా. ఐతే ఆ బొమ్మ గీతలు మాత్రం చాలాచోట్ల అడుగు వెడల్పే, లోతు పది పదిహేను సెంటీమీటర్లు. పైన ఎర్రటి రాళ్లు తీసేస్తే కింద లేత రంగు మట్టి బయటపడింది, అంతే. పిక్సెల్ కన్నా సన్నగా ఉన్న గీత ఫొటోలో ఎలా కనపడుతుంది అని అడగొచ్చు. చుట్టూ ఉన్నదానికి, గీతకి మధ్య రంగు తేడా గట్టిగా ఉంటే, ఆ గీత పోయిన గడులన్నీ పక్క గడుల కన్నా కొంచెం తెల్లగా వస్తాయి, వరసగా వస్తాయి కాబట్టి కన్ను పట్టేస్తుంది. వానలు దాదాపు లేకపోవడం వల్ల ఆ తేడా ఇన్ని శతాబ్దాలు నిలబడింది, అదే గీతలు మన భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మీద గీసుంటే రెండు వానాకాలాలు కూడా ఆగవు.

తర్వాత తేదీ సంగతి. డెస్క్‌టాప్ గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలు చూసే స్లయిడర్ ఉంది, దాన్ని కురుసుర ఎదురుగా రోడ్డవతల పెట్టి వెనక్కి జరపండి. 2017కి ముందు వాటిల్లో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 విమానం ఉండదు, ఆ తర్వాత వాటిల్లో 50 మీటర్ల రెక్కలతో ఉంటుంది. మనకి ఆ ఏడాది తెలుసు కాబట్టి స్లయిడర్ మీద నమ్మకం కుదురుతుంది. మధురవాడ వైపు జరిపితే కొండలు, ఖాళీ నేల, లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు ఏ వరసలో వచ్చాయో కళ్లముందే తిరుగుతుంది.

ఇదే పనితో సిరియాలో పల్మైరా సంగతి ప్రపంచానికి రుజువైంది. క్రీస్తుశకం 32లో ప్రతిష్ఠ జరిగిన బెల్ ఆలయం అక్కడ దాదాపు రెండువేల ఏళ్లు నిలబడింది. 2015 ఆగస్టు చివర్లో దాన్ని పేల్చేశారన్న వార్త వచ్చింది, యుద్ధం మధ్యలో అక్కడికి వెళ్లి చూసేవాళ్లు లేరు, అప్పుడు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఉపగ్రహ విభాగం ఆగస్టు 27 ఫొటోని 31 ఫొటోతో పక్కపక్కన పెట్టింది. మొదటిదాంట్లో చుట్టూ స్తంభాలు, మధ్యలో గుడి, దాని నీడ. రెండోదాంట్లో గుడి ఉన్నచోట శిథిలాల మరక. గుమ్మం ఒకటే మిగిలింది. నాలుగు రోజుల తేడా ఉన్న ఆ రెండు ఫొటోలు పక్కపక్కన చూస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

నీడ అన్నాను కదా, పైనుంచి చూసేటప్పుడు ఎత్తు చెప్పేది అదే. చాలా ఉపగ్రహాలు ఒక చోటు మీదుగా ఎప్పుడు పోయినా దాదాపు ఒకే టైముకి పోయేలా కక్ష్య పెడతారు, ఎక్కువగా ఉదయం పది, పదకొండు మధ్యలో. కాబట్టి తేదీ తెలిస్తే ఎండ కోణం తెలుస్తుంది, నీడ పొడవు కొలిస్తే ఎత్తు వస్తుంది. గిజా పెద్ద పిరమిడ్ దగ్గర ఇది చేసి చూడండి, కానీ చిన్న మెలిక ఉంది. నీడని పిరమిడ్ అంచు నుంచి కొలవకూడదు, శిఖరం కింద నడిమధ్య నుంచి కొలవాలి. పైగా దాని గోడల వాలు దాదాపు 52 డిగ్రీలు, జూన్‌లో ఆ టైముకి సూర్యుడు అంతకన్నా బాగా పైనుంటాడు, నీడ అసలు బయటికే పడదు. డిసెంబర్ ఫొటో ఎంచుకుంటే ఉత్తరం వైపు కోసుగా పొడుగ్గా పడుతుంది. ఒక్కో అంచు 230 మీటర్లు, మ్యాప్‌లో కొలిచే టూల్‌తో మీరే చూసుకోవచ్చు, అంచులు సరిగ్గా ఉత్తర దక్షిణాలకి ఎలా ఉన్నాయో కూడా. దిక్సూచి లేని కాలంలో నాలుగున్నర వేల ఏళ్ల కిందట కట్టారది! శిఖరం మధ్యలో కాకుండా ఓ పక్కకి జరిగినట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఆ రోజు ఉపగ్రహం పక్కనుంచి వాలుగా చూసిందన్నమాట.

నీడ వల్ల కన్ను మోసపోవడం కూడా ఉంది. వెలుగు పైనుంచి వస్తుందని మన మెదడుకి అలవాటు, మ్యాప్‌లో ఉత్తరం పైన ఉంటుంది, మన వైపు దేశాల్లో ఎక్కువ కాలం ఎండ దక్షిణం నుంచి అంటే బొమ్మలో కిందనుంచి వస్తుంది. దాంతో కొంతమందికి కొండ లోయలా, లోయ కొండలా కనిపిస్తుంది. మ్యాప్‌ని తిప్పి దక్షిణం పైకి పెడితే చటుక్కున సరైపోతుంది.

ఇంత చూపు అలవాటైతే మామూలు మనిషి కూడా కొత్త విషయం కనిపెట్టగలడు. కజకిస్థాన్‌లో దిమిత్రి దే అనే ఆయన 2007లో తన దేశంలో పిరమిడ్లేమైనా ఉన్నాయేమో అని గూగుల్ ఎర్త్‌లో వెతికాడు, వృత్తిరీత్యా ఆయన పురావస్తు శాస్త్రవేత్త కాదు. పిరమిడ్లు దొరకలేదు గానీ తుర్గాయ్ మైదానాల్లో 101 మట్టిదిబ్బలతో, మూలనుంచి మూలకి అడ్డగీతలతో పేర్చిన ఒక పెద్ద చతురస్రం దొరికింది, తర్వాత అలాంటివి చాలానే బయటపడ్డాయి. నేల మీద నిలబడితే ఆ దిబ్బలు గడ్డిలో చిన్న ఉబ్బులు, అంతే.

పాత ఫొటోల విలువ ఇంకో రకం. అమెరికా 1960 నుంచి 1972 దాకా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలు నడిపింది, ఫిల్మ్‌ని డబ్బాలో పెట్టి పారాచూట్‌తో కిందికి వదిలితే విమానం గాల్లోనే కొక్కెంతో పట్టుకునేది. ఆ ఫొటోల మీద రహస్యం 1995లో ఎత్తేశారు. ఈశాన్య సిరియాలో పాత ఊరిదిబ్బల నుంచి నలువైపులా పోయే నల్లటి చారలు వాటిల్లో కనపడ్డాయి. నాలుగువేల ఏళ్లకి ముందే మనుషులు, గొర్రెలు, మేకలు నడిచి నడిచి నేల కుంగిన దారులు అవి, పల్లంలో తేమ నిలవడంతో చుట్టూ ఉన్న నేల కన్నా నల్లగా వచ్చాయి. ఆ తర్వాత ట్రాక్టర్లతో దున్నేసరికి వాటిల్లో చాలా దారులు చెరిగిపోయాయి, ఇవాళ్టి ఫొటో ఎంత క్లియర్‌గా ఉన్నా వాటిని చూపించలేదు.

చెట్లు కప్పేసిన చోట మామూలు ఫొటో పనిచెయ్యదు. కంబోడియాలో ఆంగ్కోర్ వాట్ పక్కనున్న పశ్చిమ బరాయ్ చెరువు సుమారు 8 కిలోమీటర్ల పొడవు, అది ఎంత దూరం నుంచైనా కనపడుతుంది (అదే కొలత ఆర్కే బీచ్ నుంచి గీస్తే కైలాసగిరి దాటి సాగర్‌నగర్ వైపు పోతాం). కానీ గుడి చుట్టూ ఉన్న నగరం వీధులు 2012లో హెలికాప్టర్ నుంచి లైడార్ వేస్తేగానీ తెలీలేదు. లేజర్ కిరణాలు ఆకుల సందుల్లోంచి నేలని తాకి తిరిగొస్తాయి, లెక్కల్లో చెట్లని తీసేస్తే నేల ఎత్తుపల్లాలు మిగులుతాయి.

మన దగ్గర హైదరాబాద్ ఎన్ఆర్ఎస్సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ అనే మ్యాప్ సైట్ 2009 నుంచి ఉంది, గూగుల్‌తో పాటు అది కూడా తెరిచి పోల్చుకుంటే మంచిది. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ చూడాలంటే మార్చి, ఏప్రిల్ నెలల ఫొటో వెతకండి, వానలు పడ్డాక పచ్చదనం పెరిగి రాతిలో చెక్కిన గుండ్రటి స్తూపాలు కలిసిపోతాయి, పైగా జూలై, ఆగస్టుల్లో మబ్బు లేని ఫొటో దొరకడమే కష్టం. మబ్బుల్లోంచి చూడగలిగేది రాడార్. ఇస్రో, నాసా కలిసి 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పంపిన నిసార్ ఉపగ్రహం అదే పని చేస్తుంది, ఒకసారి చూసిన చోటుని 12 రోజులకోసారి మళ్లీ చూస్తుంది. పొడి ఇసుకలో ఐతే రాడార్ కొంత లోపలికి కూడా వెళ్తుంది, 1981లో స్పేస్ షటిల్ రాడార్‌తో ఈజిప్ట్, సుడాన్ ఎడారుల ఇసుక కింద కప్పబడిపోయిన పాత నదుల దారులు అలాగే దొరికాయి. మన కోస్తా మట్టిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ రాడార్ అంత లోతుకి దిగదు, తొట్లకొండ, దాని దగ్గర్లోనే ఉన్న మరో బౌద్ధ క్షేత్రం బావికొండల చుట్టుపక్కల నేల కింద ఇంకా ఏమైనా ఉంటే మాత్రం నడిచి వెతకాల్సిందే, తవ్వి చూడాల్సిందే.