రెప్పలు లేని కళ్ళు

చిరంజీవులు శ్రీజకు, చైతన్యకు అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చైతన్య వేసిన, కప్పల బంధువైన ఆక్సోలోటల్ అనే నీటి జంతువు బొమ్మను తాతయ్యకూ పక్కింటివాళ్ళకూ చూపించాను. తలకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు మూడేసి చొప్పున లెక్క తప్పకుండా వేశావు. ముందు కాళ్ళకు నాలుగేసి వేళ్ళు, వెనక కాళ్ళకు అయిదేసి, అదీ సరిగానే ఉంది. కళ్ళకు రెప్పలు మాత్రం చెరిపెయ్యి నాయనా. ఆక్సోలోటల్‌కు రెప్పలుండవు. నిద్రపోయినా, వెలుగు మీద పడినా అది కన్ను మూసుకోలేదు.

శ్రీజ అడిగిన ప్రశ్న ఇంకా పెద్దది. "వీడియోలో దాని ముక్కు ముందే తిండి ముక్క వేస్తే చాలాసేపు కదలలేదు. తరవాత ఒక్కసారిగా మింగేసింది. అది గుడ్డిదా అమ్మమ్మా?" అని రాశావు. గుడ్డిది కాదు. దానికి కళ్ళు ఉన్నాయి, కనిపిస్తుంది కూడా. కాకపోతే నువ్వు చూసేది, అది చూసేది ఒకటి కాదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన దాన్ని కదా, ఇలాంటి ప్రశ్న వస్తే నాకు నాలుగు మాటల్లో జవాబు రాయడం చేతకాదు. ఓపికగా చదవండి.

ముందు అది ఎక్కడి జంతువో చెప్పాలి. దాని సొంత ఊరు మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న సోచిమిల్కో. సముద్రమట్టానికి రెండు వేల రెండు వందల మీటర్లకు పైన ఉన్న చల్లని చోటు. అక్కడి రైతులు వందల ఏళ్ళ కిందటే సరస్సులో బురద, కలుపు పోగుచేసి చినాంపాలనే మడులు కట్టుకున్నారు. ఆ మడుల మధ్య కాలువలే ఆక్సోలోటల్ ఇల్లు. అడుగున మెత్తటి బురద, పైన నీటి మొక్కలు. అది తిరిగేదేమో ఎక్కువగా రాత్రిపూట. పురుగులు, నత్తలు, చిన్న చేపలు దాని ఆహారం. వాటి వెంటపడి పరిగెత్తదు. అడుగున కదలకుండా కూర్చుని, ఏదైనా దగ్గరికి రాగానే నోరు ఒక్కసారిగా తెరుస్తుంది. నీరు లోపలికి దూసుకుపోతుంది, నీటితో పాటు ఎరా పోతుంది. ఇలా బతికేదానికి దూరం నుంచి చూడాల్సిన పనేముంది?

ఇప్పుడు కన్ను సంగతి. పోయిన వేసవిలో గోదావరి రేవులో మునిగి మీరు కళ్ళు తెరిచారు, గుర్తుందా? అంతా మసకమసకగా ఉందన్నారు. మన కంటికి ముందుండే పారదర్శకమైన పొర పేరు శుక్లపటలం. గాలిలో ఉన్నప్పుడు కాంతిని వంచే పనిలో ఎక్కువ భాగం అదే చేస్తుంది, వెనకున్న కటకం మిగతాది చూసుకుంటుంది. నీళ్ళలో మునగగానే శుక్లపటలానికి అటూ ఇటూ నీరే కాబట్టి దాని పని దాదాపు పోతుంది. ఒక్క కటకం వల్ల కాదు. అందుకే మసక.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒక వెడల్పాటి పళ్ళెం అడుగున చిన్న అక్షరాలు రాసి (చెరగని పెన్నుతో రాయండి) నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పొయ్యండి. మీ నాన్న భూతద్దాన్ని నీళ్ళలో ముంచి ఆ అక్షరాల మీద పట్టండి. గాలిలో అంత పెద్దగా చూపించే అద్దం నీళ్ళలో మామూలు గాజుపలక లాగా అయిపోతుంది. ఇప్పుడు దాన్ని తీసేసి, రంగు లేని గాజు గోళీ ఒకటి అక్షరానికి ఒక వేలి మందం ఎత్తున నీళ్ళలోనే పట్టుకోండి. అక్షరం మళ్ళీ పెద్దదవుతుంది. పల్చటి కటకం ఓడిపోయిన చోట గుండ్రటి కటకం నెగ్గింది. చేపల కంట్లోనూ ఆక్సోలోటల్ కంట్లోనూ ఉన్నది అటువంటి గోళీయే. దగ్గరి వస్తువును చూడాలంటే మనం కటకం ఆకారాన్ని మార్చుకుంటాం. ఉభయచరాలు అలా మార్చవు, కటకాన్నే కాస్త ముందుకు జరుపుతాయి, కెమెరాలో లాగా.

ఆ కంటి వెనక తెరలో మసక వెలుతురును పట్టుకునే కణాలున్నాయి. మనకు కనిపించని అతినీలలోహిత కాంతికి స్పందించే కణాలు కూడా ఉన్నాయని పరిశోధకులు కొలిచి చెప్పారు. చిన్న కన్నే అయినా తక్కువ కన్ను కాదని దీనితో మీకు తెలియాలి. కానీ అది అన్నిటికంటే బాగా పట్టేది కదలికను. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో ఆక్సోలోటల్ పిల్లలు కదిలేదాన్ని తప్ప మరి దేన్నీ ఆహారంగా గుర్తించవు. అందుకే పెంచేవాళ్ళు వాటికి బతికున్న బుల్లి రొయ్యలాంటి పురుగులు వేస్తారు. పక్కన తోబుట్టువు కాలు కదిలినా సరే, దాన్నే కొరుకుతాయి. ఆ కాలు మళ్ళీ మొలుస్తుందనుకోండి. శ్రీజ చూసిన వీడియోలో ముక్క కదలలేదు. కంటికి అది అక్కడ ఉన్నా లేనట్టే.

మరి చివరికి ఎలా మింగింది? వాసన పట్టి. దాని ముక్కు రంధ్రాల్లోంచి నీరు లోపలికి పోతుంది, నీటితో పాటు ఆ ముక్క రుచీ వాసనా పోతాయి. మామూలు ముక్కుతో పాటు వాసన పట్టే మరో అవయవం కూడా దానికుంది. పాము నాలుక చాచి గాలిని రుచి చూసేది ఆ అవయవంతోనే. జంతువులు నీళ్ళు వదిలి నేలమీదికి వచ్చాక ఈ రెండో ముక్కు పుట్టి ఉంటుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలు అనుకున్నారు. జీవితమంతా నీళ్ళలోనే గడిపే ఆక్సోలోటల్‌లో అది కనిపించడంతో ఆ ఊహ నిలబడలేదు. ఒక చిన్న జంతువు ఇంత పెద్ద ఊహను సరిదిద్దిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

చెవులు కూడా అడగబోతారు. బయటికి కనిపించే చెవి లేదు, కర్ణభేరి లేదు. లోపలి చెవి ఉంది, సన్నటి కూతల కంటే బరువైన మోతలు దానికి బాగా వినిపిస్తాయి.

చర్మం సంగతి చెప్పేటప్పుడు మాత్రం కాస్త నిదానంగా చదవండి. ఆక్సోలోటల్ తలమీద, ఒంటి పక్కల సన్నటి చుక్కల వరుసలుంటాయి. దీన్ని పార్శ్వరేఖ అంటారు, చైతన్య పాఠంలో చేప గురించి ఈ మాట వచ్చే ఉంటుంది. ప్రతి చుక్కలోనూ వెంట్రుకల్లాంటి నూగున్న కణాలు, వాటిమీద మెత్తటి జిగురు టోపీ. నీళ్ళు కాస్త కదిలినా టోపీ ఒరుగుతుంది, కణం మెదడుకు కబురు పంపుతుంది. అలాంటి కణాలే మన చెవి లోపల కూడా ఉన్నాయి, వాటితోనే మనం వింటున్నాం. బకెట్టు నీళ్ళలో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకోండి. ఇంకొకరు చేతిని తాకకుండా పక్కన నీళ్ళు కదిలిస్తే ఎటువైపు కదిలాయో తెలుస్తుంది కదా? అటువంటి స్పర్శ ఒళ్ళంతా ఉన్నట్టు ఊహించుకోండి. మన చెరువుల్లోని తోకకప్పలకూ ఈ రేఖ ఉంది.

వాటికీ మనకూ బొత్తిగా లేనిది మరొకటి ఉంది. తాతయ్యకు ఈసీజీ తీసినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. ఛాతీ మీద చల్లటి జిగురు రాసి తీగలు అంటించారు, కాగితం మీద గీతలు పడ్డాయి. అవి గుండె పుట్టించే విద్యుత్తు గీసిన గీతలు. గుండే కాదు, ప్రతి కండరమూ కదిలినప్పుడు కాస్త విద్యుత్తు పుడుతుంది. జిగురు ఎందుకు రాశారు? ఎండు చర్మం మీంచి విద్యుత్తు సరిగా రాదు, తడి జిగురులోంచి వస్తుంది. ఆక్సోలోటల్ తలమీద ఆ చుక్కల వరుసల పక్కనే చిన్న చిన్న గుంటలున్నాయి. ఆ గుంటల నిండా జిగురు, అడుగున విద్యుత్తును పసిగట్టే కణాలు. ఎదుటి ప్రాణి ఒంటి నుంచి నీళ్ళలోకి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తును అవి పట్టుకుంటాయి. బురదలో దాగిన పురుగు కంటికి కనిపించకపోవచ్చు, వాసన ఎటు నుంచి వచ్చిందో తెలియకపోవచ్చు. కానీ బతికున్నంత సేపూ దాని ఒంట్లో విద్యుత్తు ఆగదు. 1980ల తొలినాళ్ళలో జర్మనీ పరిశోధకులు ఈ గుంటల నరాల్లోంచి వచ్చే సంకేతాలను నేరుగా కొలిచి, ఇది నిజమేనని నిరూపించారు.

ఈ శక్తి సొరచేపకూ ఉంది. సొరచేపకూ ఆక్సోలోటల్‌కూ పూర్వికుడైన ఏదో ప్రాచీన జలచరం నుంచి రెండింటికీ వచ్చిన ఆస్తి ఇది. కప్పల వంశం దాన్ని పోగొట్టుకుంది. మనం చాలా ముందే పోగొట్టుకున్నాం, ఎందుకంటే గాలిలో ఆ బలహీనమైన విద్యుత్తు ప్రయాణించదు. మన గోదావరి వాలుగలకూ జెల్లలకూ కూడా ఈ శక్తి ఉంది, కానీ వాటికది వారసత్వంగా రాలేదు. వాటి వంశం మళ్ళీ కొత్తగా సంపాదించుకుంది. ఈసారి తాతయ్య వాలుగను తెచ్చినప్పుడు మీసాలు మాత్రమే చూసి ఊరుకోకండి.

కళ్ళు లేని ఆక్సోలోటల్స్ కూడా ఉన్నాయి తెలుసా? అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో రూఫస్ హంఫ్రీ అనే శాస్త్రవేత్త వీటిని పెంచుతుండేవారు. ఒక జన్యువు మారడం వల్ల కొన్ని పిల్లలు అసలు కళ్ళే లేకుండా పుట్టడం ఆయన గమనించి 1969లో వివరించారు. అవి పెరిగి పెద్దవయ్యాయి. ఒక తేడా మాత్రం కనిపించింది. వాటి ఒళ్ళు మామూలు వాటికంటే నల్లగా ఉండేది. ఆక్సోలోటల్ తన చుట్టూ ఉన్న నేల రంగును కళ్ళతో చూసి ఒంటి రంగును కాస్త సర్దుకుంటుంది. నేల కనిపించకపోతే సర్దుకోలేదు. తిండి వెతకడం ఒక్కటే కన్ను పని అనుకుంటే పొరపాటని ఆ నల్లటి పిల్లలు చెప్పాయి. తరవాత ఇంకొందరు, పిండంగా ఉన్నప్పుడే అలాంటి వాటికి మరో పిండం నుంచి కన్ను తెచ్చి అతికితే, ఆ కంటి నరం దారి వెతుక్కుంటూ మెదడు దాకా పోయింది.

ఇక్కడ ఒక మాట సరిచెయ్యాలి. ఆక్సోలోటల్‌కు ఏ భాగం పోయినా మొలుస్తుందని మీరు చూసే వీడియోల్లో చెబుతారు. కాలు, తోక, వెన్నుపాము నిజమే. కంటి కటకం విషయంలో అంత ధీమాగా చెప్పకూడదు. గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు వారాల్లో మాత్రమే అది కటకాన్ని తిరిగి పుట్టించుకోగలదు, తరవాత ఆ శక్తి పోతుంది. దాని బంధువు న్యూట్ అనే జంతువు జీవితమంతా ఆ పని చెయ్యగలదు. జపాన్‌లో అవే న్యూట్ల నుంచి పదహారేళ్ళలో 18 సార్లు కటకం తీసి చూశారు. ప్రతిసారీ కొత్తది వచ్చింది.

చైతన్య బొమ్మకు నేను ఒప్పుకునే రెప్పలు కూడా ఒకచోట ఉన్నాయి. 1864లో మెక్సికో నుంచి 34 ఆక్సోలోటల్స్‌ను పారిస్‌కు తీసుకెళ్ళారు. ఆగస్ట్ ద్యుమెరీల్ అనే శాస్త్రవేత్త వాటిలో కొన్నింటిని పెంచి పిల్లలు చేయించారు. మరుసటి ఏడు చూస్తే కొన్ని పిల్లలకు మొప్పలు పోయి, నేలమీద తిరిగే సాలమాండర్లుగా (బల్లిలా కనిపించే ఉభయచరాలు) మారిపోయాయి. మన తోకకప్పలు కప్పలుగా మారినట్టు. ఇవి మామూలుగా ఆ మార్పు జరగకుండానే పిల్లల రూపంలోనే పెద్దవై గుడ్లు పెడతాయి. ఎప్పుడైనా మారితే కళ్ళకు రెప్పలు వస్తాయి, గాలిలో పనికిరాని విద్యుత్తు గుంటలు పోతాయి.

చివరిది మీ అమ్మకు చెప్పకుండా నన్ను అడిగిన సంగతి. దుకాణంలో గులాబీ రంగు ఆక్సోలోటల్ ఉందట, కొనిపెట్టమన్నారు. నేను కొనను పిల్లలూ. కోపం తెచ్చుకోకండి. దానికి 16 నుంచి 18 డిగ్రీల నీళ్ళు కావాలి, 24 దాటితే జబ్బుపడుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో కుండలో నీళ్ళు కూడా అంత చల్లగా ఉండవు. దుకాణంలో తొట్టె మీద వేసే దీపాన్ని అది రెప్ప మూసి ఆపుకోలేదు. వచ్చినవాళ్ళందరూ అద్దం మీద వేలితో కొడతారు. ఆ చప్పుడు దాని చెవికే కాదు, ఒంటి మీది ప్రతి చుక్కకూ తగులుతుంది. దుకాణానికి వెళితే మీరు మాత్రం కొట్టకండి, పక్కవాళ్ళు కొడుతుంటే వద్దని చెప్పండి.

సొంత ఊళ్ళోనూ దాని బతుకు బాగా లేదు. సోచిమిల్కో కాలువల్లోకి నగరం మురుగు చేరింది. తిండి కోసమని 1970, 80లలో వదిలిన కార్ప్, తిలాపియా చేపలు దాని గుడ్లనూ పిల్లలనూ తినేస్తున్నాయి. 1998లో చదరపు కిలోమీటరుకు ఆరు వేల దాకా ఉన్నవి 2014 నాటికి నలభై లోపుకు పడిపోయాయి. ఇప్పుడు మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, చినాంపా రైతులు కలిసి మడుల మధ్య కొన్ని చిన్న కాలువల మొగలో వడపోతలు కడుతున్నారు. నీళ్ళు తేరుకుంటాయి, చేపలు లోపలికి రాలేవు. ఆ రైతుల గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను, వాళ్ళ సేద్యం మీ తాతయ్యకు కూడా చెప్పాలి.

గోళీతో అక్షరం ఎంత పెద్దదైందో కొలిచి రాయండి. చైతన్యా, రెప్పలు చెరిపి, తలమీద చుక్కల వరుసలు వేసి బొమ్మ మళ్ళీ పంపించు. గోడకు అతికిస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ