కాళ్లు లేని ఆల్చిప్ప ఇసుకలోకి ఎలా దిగుతుంది?

వేసవిలో కృష్ణ నీళ్లు తగ్గినప్పుడు సోమశిల దగ్గర బయటపడే బురదలో సన్నని గాడి ఒకటి మెలికలు తిరుగుతూ వెళ్లి, సగం కూరుకుపోయిన ఆల్చిప్ప దగ్గర ఆగుతుంది. కాళ్లూ గోళ్లూ లేని ప్రాణి నేలను ఎలా తవ్వుతుందని కొల్లాపూర్ నుంచి ఒక విద్యార్థిని అడిగారు. జంతుశాస్త్రం పాఠాల్లో ఆల్చిప్ప వర్గీకరణను కంఠస్థం చేయిస్తారే కాని, ఈ విషయం చెప్పరు.

చిప్పలు కాస్త తెరుచుకొని ఇరువైపులా ఇసుకను అదిమి పట్టుకోగా, వాటి మధ్య నుంచి పాదమనే మెత్తటి కండ కిందికి చొచ్చుకుపోతుంది. పాదంలోకి రక్తం చేరగానే దాని కొన ఉబ్బి ఇసుకలో బిగుసుకుంటుంది. అప్పుడు చిప్పలు ఒక్కసారిగా మూసుకుంటాయి. లోపలి నీరు బయటికి చిమ్మి ఇసుకను వదులు చేస్తుంది. ఆ క్షణంలోనే పాదపు కండరాలు ముడుచుకొని చిప్పను కిందికి లాగుతాయి. మూయడానికి కండరాలున్నాయి కాని తెరవడానికి లేవు, ఆ పని కీలు దగ్గరి సాగే బంధనానిది. చచ్చిన ఆల్చిప్ప తెరుచుకొని ఉండటానికి కారణం అదే తప్ప, స్వాతి చినుకు కోసం ఎదురుచూపు కాదు.

అట్లాంటిక్ తీరపు కత్తి ఆల్చిప్ప ఇలా 70 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. చిప్పలు వేగంగా ముడుచుకున్నప్పుడు వాటి చుట్టూ పీడనం తగ్గి, నీరు అక్కడికి చేరి, గట్టి ఇసుక జారుడు ముద్దగా మారుతుందని అమెరికాలోని ఎం.ఐ.టి. ఇంజనీర్లు గమనించి, అదే పద్ధతిలో తవ్వే 'రోబోక్లామ్' యంత్రాన్ని తయారుచేశారు. ఎండిన చెలకలో దిగని గడ్డపార బిందెడు నీళ్లు పోసిన చోట దిగినట్టే ఇదీ: గట్టి ఇసుకలో లోతుకు పోయినకొద్దీ నిరోధం పెరుగుతుంది, ముద్దలో అంతగా పెరగదు.

ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలోని గూయీడక్ కథ వేరు. చిన్నప్పుడు తవ్వుకుంటూ మీటరు లోతు దాకా దిగిన ఈ భారీ ఆల్చిప్ప, పెద్దయ్యాక అక్కడి నుంచి కదలదు. పాదం చిన్నదైపోతుంది, నీటిని పీల్చి వదిలే గొట్టం మాత్రం మీటరు దాకా సాగి, ముడుచుకున్నా చిప్పలో పట్టదు. చిప్ప వలయాలను లెక్కిస్తే ఒకదాని వయసు 168 ఏళ్లని తేలింది.

దాన్ని పట్టేవారు పార వాడరు. గజ ఈతగాడు ఇసుక పైకి కనిపించే గొట్టపు కొన పక్కన నీటి పైపు దించి ధార వదిలితే ఇసుక వదులవుతుంది, అప్పుడు చేత్తో పైకి లాగుతాడు. అది లోపలికి దిగిన ఉపాయమే దాన్ని బయటికి తెస్తుంది. సైజు తక్కువని తిరిగి నీళ్లలో వదిలేసినా, ఎదిగిన గూయీడక్‌కు మళ్లీ తవ్వుకొనే శక్తి ఉండదు, పీతలకు ఆహారమవుతుంది. అందుకే సాగు చేసేవారు తవ్వగల వయసు పిల్లలనే, ఆటుపోట్ల నేలలో గుచ్చిన ప్లాస్టిక్ గొట్టాల్లో వేస్తారు. అవి వాటంతటవే దిగిపోతాయి.