కొండ కదిలిందన్న లెక్క ఎవరికి చేరుతోంది?

ఇటలీలోని వయోంట్ లోయలో 1960లో 261 మీటర్ల ఎత్తైన డ్యామ్‌లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఆ ఏడాది నవంబరులోనే పక్కనున్న టోక్ కొండ మీద దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున నెర్రె విచ్చింది. ఇంజినీర్లు వాలు మీద గుర్తులు పాతి, సర్వే పరికరాలతో కదలికను కొలుస్తూ వచ్చారు. నీటిమట్టం పెంచితే కొండ వేగం పెరిగేది, దించితే తగ్గేది. అలా పెంచుతూ దించుతూ కొండను అదుపులో పెట్టుకోవచ్చనుకున్నారు. 1963 అక్టోబరులో ఆ వేగం రోజుకు 20 సెంటీమీటర్ల దాకా వెళ్లింది. 9వ తేదీ రాత్రి 10.39కి సుమారు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ ఒక్క ఊపున జలాశయంలోకి దిగింది. డ్యామ్ కూలలేదు. దాని మీదుగా దూకిన నీళ్లు కింద ఉన్న లాంగరోనె పట్టణాన్ని ఊడ్చేశాయి. దాదాపు 2,000 మంది చనిపోయారు.

కొలతలు ఉన్నాయి, కానీ డ్యామ్ కట్టిన కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. కొండ వల్ల ముప్పుందని అంతకుముందే రాసిన జర్నలిస్టు టీనా మెర్లిన్ మీద తప్పుడు వార్తలు రాస్తోందని కేసు పెట్టారు. కోర్టు ఆమెను నిర్దోషి అంది. నా దృష్టిలో ఈ అరవై ఏళ్ల కథలో అసలు విషయం ఇదే. పరికరం ఎంత మంచిదన్నది ఒక ఎత్తయితే, దాని లెక్క కొండ కింద ఇల్లున్నవాళ్లకు చేరుతుందా అన్నది మరో ఎత్తు.

కొండ ఎప్పుడు జారుతుందో అంచనా వేసే పద్ధతిని 1960ల్లో జపాన్‌లో పరిశోధకుడు సైటో మొదలుపెట్టారు, 1985లో ఫుకుజోనో సులువు చేశారు. కొండ మొత్తం ఎంత కదిలిందన్నదాని కన్నా, వేగం ఎలా పెరుగుతోందన్నది ముఖ్యం. ఒకటిని ఆ వేగంతో భాగించి గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగుతూ వస్తుంది. అది సున్నాను తాకే సమయానికి అటూ ఇటుగా కొండ జారుతుంది. అయితే ఇందుకు వారానికో కొలత సరిపోదు. జోరువానలో, అర్ధరాత్రి, మనిషి ఆ వాలు ఎక్కలేని వేళే కొలత ఎక్కువ అవసరం.

ఆ లోటును జీపీఎస్ తీర్చింది. ఫోన్‌లో మీటర్ల తేడా చూపించే జీపీఎస్ మిల్లీమీటర్లు ఎలా కొలుస్తుందని చాలామందికి అనుమానం. ఉపగ్రహం పంపే రేడియో తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఖరీదైన రిసీవర్ ఆ ఒక్క తరంగంలో ఏ భాగం తనను చేరిందో కూడా పట్టుకుంటుంది. ఒక రిసీవర్‌ను కదలని రాతి మీద, ఇంకోదాన్ని వాలు మీద కాంక్రీటు దిమ్మెలో పాతిన స్తంభానికి బిగిస్తారు. వాతావరణం వల్ల వచ్చే తప్పు రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. సోలార్ ప్యానెల్, బ్యాటరీ, సిమ్ కార్డు పెడితే రేయింబవళ్లు డేటా వస్తూనే ఉంటుంది. దట్టమైన చెట్లు, ఆకాశం సరిగా కనపడని ఇరుకు లోయలు మాత్రం దీనికి గడ్డు చోట్లు. ఎత్తులో తేడాను పక్కకు జరగడమంత కచ్చితంగా చెప్పలేదు.

స్విట్జర్లాండ్‌లోని బ్రియెంజ్ ఊరి పైన ఉన్న కొండను జీపీఎస్, రాడార్‌లతో గమనిస్తున్నారు. 2023 మేలో వేగం పెరగగానే అధికారులు ఊరివాళ్లతో సభ పెట్టి విషయం చెప్పారు. 12వ తేదీ సాయంత్రానికి ఊరు ఖాళీ అయింది. నెల దాటాక, జూన్ 15 రాత్రి, ఆ రాళ్ల గుట్ట దిగి వచ్చి ఊరి అంచున ఆగింది. ఒక్క ప్రాణం పోలేదు.

మన దగ్గర ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ సంగతి చూడండి. ఆ పట్టణం పాత కొండచరియల మట్టి మీద ఉందని, భారీ కట్టడాలు వద్దని మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. 2023 జనవరిలో ఇళ్లు బీటలు వారాక, హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాలతో లెక్కకట్టి, 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్లు కుంగిందని బయటపెట్టింది. కొద్ది రోజులకే ఆ నివేదికను వెబ్‌సైట్ నుంచి తీసేశారు. మీడియాతో మాట్లాడొద్దని సంస్థలకు ఆదేశాలు వెళ్లాయి. జనం కంగారు పడతారన్న మాటలో కొంత నిజముండొచ్చు. కానీ ఇంటి గోడ పగిలినవాడి నుంచి ఆ లెక్క దాచడం సరైంది కాదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. 2024 జులై 30న వయనాడ్‌ను ముంచింది కుండపోత వానకు పుట్టిన బురద, బండల ప్రవాహం. అలాంటిది నెలల తరబడి మెల్లగా కదిలి ముందస్తు సూచన ఇవ్వదు. అక్కడ వర్షమాపకం, నేలలోని నీటి ఒత్తిడి కొలిచే పరికరం ముఖ్యం. జీపీఎస్ పనికొచ్చేది మెల్లగా జారే కొండలకు. హిమాలయాల్లో అలాంటివి చాలానే ఉన్నాయి.

ఏ వాలు కదులుతోందో ముందు తెలియాలి కదా. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహం ప్రతి 12 రోజులకోసారి అవే చోట్లను చూస్తుంది, డేటా ఎవరికైనా ఉచితం. అది చూపించిన వాలు మీద రిసీవర్లు పాతితే ఆ 12 రోజుల మధ్య జరిగేదీ తెలుస్తుంది. ఆ అంకెను ఏ పూటకాపూట పంచాయతీకి పంపే ఏర్పాటు కూడా రిసీవర్‌తో పాటే జరగాలి.